ఉస్తాద్ దువ్వెన పట్టేంత సందు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, ఏ పనినైనా వరుసగా జాబితా రాసుకుని చేస్తే అది చెడదు. రెండు, చెడిందంటే జాబితాలో ఏదో ఒక అంశం రాయడం మరిచిపోయామన్నమాట. (మూడోది కూడా ఉండేది. నన్నెవరూ పలకరించకపోవడానికి కారణం వాళ్లకు తీరిక లేకపోవడమేనని. అది మాత్రం ఎక్కడా రాసుకోలేదు.) ఆ రోజులంటే మరీ పాతవేమీ కాదు, ఆరేడేళ్ల కిందటి మాట. జనగామ వైపు ఊరి నుంచి ఎలక్ట్రికల్ డిప్లొమా పట్టుకొని వచ్చి, ఇళ్లకు ఆటోమేటిక్ గేట్లు బిగించి, చెడితే బాగుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆఫీసు నారాయణగూడలో, గది అశోక్‌నగర్ హాస్టల్లో. ఆ హాస్టల్లో నేను తప్ప అందరూ సర్కారు కొలువు కోసం చదివేవాళ్లే. పొద్దున పళ్లు తోముకుంటూ కూడా నదుల పేర్లు వల్లించేవారు. అన్నం దగ్గర కూర్చుంటే నోటిఫికేషన్ గురించి మాట్లాడుకునేవారు. నేను పళ్లెం పట్టుకొని వెళ్లి కూర్చుంటే మర్యాదగా జరిగి చోటిచ్చేవారు, అంతే. నాకు పెట్టిన పేరు 'గేటన్న'. నవ్వులాటకు పెట్టిన పేరే అయినా, పేరంటూ పెట్టారు కదా అని మొదటివారం సంతోషించాను.

నా గదిలో రెండో మంచం మీద ఉండేది పాలిటీ అన్న. రాజ్యాంగం పుస్తకాన్ని, పరీక్షల భాషలో పాలిటీని, పైకి చదవడం ఆయన అలవాటు, అందుకే ఆ పేరు. నాకంటే పదేళ్లు పెద్ద. పది నెలలు ఒకే ఫ్యాను కింద పడుకున్నాం. అందులో మొదటి ఎనిమిది నెలల్లో ఆయన నాతో నేరుగా అన్న మాటలు నా లెక్క ప్రకారం నాలుగు రకాలు: "లైట్ తీస్తవా", "లైట్ ఉంచుతవా", "బకెట్ ఎవరు తీస్కపోయిన్రు", "తమ్మీ, జర ఫ్యాన్ తక్కువ చెయ్". మిగతా మాటలన్నీ గవర్నరు అధికారాల గురించే. అది నాతో కాదని తెలిసినా, గదిలో మనిషి గొంతు వినపడుతుంది కదా అని నేను ఊ కొట్టేవాణ్ని. ఒకసారి ఊ కొట్టడం మరీ గట్టిగా వినపడ్డట్టుంది, ఆయన చదవడం ఆపి అనుమానంగా చూశాడు. ఆ తరువాత మనసులోనే కొట్టాను.

ఆఫీసులో మాట్లాడేందుకు ఉన్న ఒకే మనిషి ఉస్తాద్. ముప్పై ఏళ్లుగా ఇనుప గేట్లతోనే బతికిన పెద్ద మేస్త్రీ. ఆయనతో కూడా మాట కలవకుండా నా చదువు అడ్డుపడింది. పక్కకు జరిగే గేటుకు అడుగున ఒక పొడుగాటి పళ్లపట్టీ ఉంటుంది. దాని కింద నేలలో దిమ్మె కట్టి మోటారు పెడతారు. మోటారు పళ్లచక్రం తిరిగితే పట్టీ కదిలి గేటు జరుగుతుంది. చక్రానికీ పట్టీకీ మధ్య కొంచెం సందు ఉండాలి. ఎంత అన్నదే మా తగాదా. కంపెనీ పుస్తకంలో ఒకటిన్నర మిల్లీమీటరు అని ఉంది. నేను సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట పెట్టి సరిగ్గా అంతే ఉంచేవాణ్ని. ఉస్తాద్ మాత్రం జేబులోంచి తన దువ్వెన తీసి ఆ సందులో దూర్చేవాడు. దువ్వెన ఆడితే సరే, ఆడకపోతే విప్పి మళ్లీ బిగించడమే. (ఆయన తలమీద ఆ దువ్వెనకు పెద్దగా పని లేదు. గేట్ల కోసమే కొన్నాడేమోనని నా అనుమానం.)

"ఇంజనీర్ సాబ్, మనం గేటు బిగించేది బుక్కు మీద కాదు, మన్ను మీద. ఈ చిక్కడపల్లి నాలా పక్క మన్ను నల్లది. ఎండకు ఎండి దిగుతది, వాన పడితే పొంగుతది. దానికి జర జాగా ఇడువాలె," అనేవాడు.

"పుస్తకంలో అట్ల లేదు ఉస్తాద్," అనేవాణ్ని నేను.

"బుక్కు రాసినోడు మన నాలా చూసిండా?" అని దువ్వెన జేబులో పెట్టుకొని వెళ్లిపోయేవాడు. నేను నా నోటుపుస్తకంలో "ఉస్తాద్ పద్ధతి: అశాస్త్రీయం" అని రాసుకున్నాను.

మే నెలాఖరులో, ఎండలు మండుతున్నప్పుడు, చిక్కడపల్లి సందులో ఒక గేటు బాగుచేయడానికి నన్ను మొదటిసారి ఒంటరిగా పంపారు. ఇంటాయనకు నారాయణగూడలో స్టేషనరీ షాపు. కింద ఆయన కుటుంబం, పైన రెండంతస్తుల్లో చదువుకునేవాళ్లకు కిరాయికిచ్చిన రీడింగ్ హాలు. మా హాస్టల్ సందులో బండి పెట్టే జాగా లేక, మావాళ్లంతా బండ్లు ఆ ఇంటి ఆవరణలోనే పెట్టేవారు. ఎండకు నేల పగిలి మోటారు దిమ్మె కుంగింది. చక్రం పట్టీకి అందక ఉత్తినే తిరుగుతోంది. నేను ఆ పట్టీని కిందికి దించి, సందు సరిగ్గా ఒకటిన్నర మిల్లీమీటరుకు తెచ్చి, మూడుసార్లు కొలిచి, బోల్టులు ఇక జన్మలో వదులు కాకుండా గట్టి జిగురు కూడా పూశాను. జిగురు నా సొంత ఆలోచన. షాపాయన రిమోటు నొక్కితే గేటు చప్పుడు లేకుండా జరిగింది. "శభాష్ తమ్మీ, వెన్న లెక్క పోతుంది," అన్నాడాయన. హాస్టల్‌కు వచ్చాక ఈ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. పాలిటీ అన్న రాష్ట్రపతి ఎన్నిక చదువుతున్నాడు. చెప్పకుండా పడుకున్నాను.

జూన్‌లో వాన పట్టుకుంది. వారం రోజులు వదలకుండా కురిసింది. ఆ వారం చివరి ఆదివారమే సర్కారు కొలువుల గ్రూపు పరీక్ష. హాస్టలంతా తెల్లవారకముందే లేచి, ఎవరి దేవుడికి వాళ్లు దండం పెట్టుకొని, ఏడున్నరకల్లా బయలుదేరింది. గది ఖాళీ అయింది, ఇక హాయిగా పడుకోవచ్చని దుప్పటి కప్పుకున్నాను. (హాయి అని ఇప్పుడు రాస్తున్నాను. అందరూ ఎక్కడికో ఒకచోటికి కలిసి వెళ్తున్నప్పుడు మంచం మీద మిగిలిపోవడం అంత హాయిగా ఏమీ ఉండదు.) పది నిమిషాలు కాలేదు, ఎవరో దుప్పటి లాగారు. పాలిటీ అన్న. తల తడిసి నీళ్లు కారుతున్నాయి.

"తమ్మీ, లే. నీ గేటు తెరుస్తలేదు. బండ్లన్నీ లోపల్నే ఉన్నయి. నాకిది ఆఖరు పరీక్ష. వచ్చేసారికి ఏజ్ దాటిపోతది. లే రా."

ఎనిమిది నెలల్లో ఆయన నాతో అన్నింటికంటే ఎక్కువ మాట్లాడింది ఆ క్షణాన్నే. పాడు బుద్ధి, ముందు నాకు అదే తట్టింది.

షాపాయన ఇంటికి చేరేసరికి ఇరవైమంది దాకా గేటు దగ్గర గుమిగూడి ఉన్నారు. పక్కన చిన్న గేటు ఉంది, కానీ దానిలోంచి మనిషి పక్కకు తిరిగితేనే పడతాడు, బండి హ్యాండిల్ పట్టదు. ఊళ్లో సగంమంది పరీక్షకు పోయే రోజు, పైగా వాన. ఫోన్లలో ఎంత నొక్కినా ఒక్క ఆటో పలకలేదు. షాపాయన బనియను మీద గొడుగు పట్టుకొని రిమోటును టీవీ రిమోటులా అరచేతికి కొట్టి కొట్టి నొక్కుతున్నాడు. నన్ను చూడగానే, "ఏం తమ్మీ, ఆటోమేటిక్ అంటే ఆటోమేటిక్‌గ బంద్ పడుడా?" అన్నాడు. వెనకనుంచి ఎవరో, "అక్కడ సెంటర్ల నిమిషం లేటయితే గేటు బంద్ చేస్తరు, గేటన్న ఇక్కడ రెండు గంటల ముందే బంద్ చేసిండు," అన్నారు. ఇంకెవరో, "ఇది సిలబస్‌ల లేదు కదరా," అన్నారు.

నేను పాలిటీ అన్న హాల్‌టికెట్ అడిగి తీసుకొని చూశాను. సెంటర్ ఘట్‌కేసర్ అవతల కాలేజీ. లోపలికి వెళ్లాల్సిన ఆఖరు సమయం పది. వానలో గంటన్నర ప్రయాణం. అంటే ఎనిమిదిన్నరకల్లా బండి బయటపడాలి. అప్పుడు టైము ఏడూ యాభై రెండు. హాల్‌టికెట్ జేబులో పెట్టుకొని, మోకాళ్ల మీద కూర్చొని చూస్తే విషయం అర్థమైంది. మన్ను పొంగి దిమ్మెను పైకి లేపింది. నేను మూడుసార్లు కొలిచిన ఒకటిన్నర మిల్లీమీటరు ఇప్పుడు సున్నా. నాలుగు క్వింటాళ్ల గేటు బరువంతా చిన్న చక్రం మీద కూర్చుంది. అలాంటి సమయంలో మోటారు గేటును వదిలేయడానికి ఒక తాళం ఉంటుంది, తిప్పితే గేటును చేత్తో తోసుకోవచ్చు. తిప్పాను. తిరగలేదు. పట్టీ బోల్టులు విప్పుదామని పానా వేశాను. కదల్లేదు. జన్మలో వదులు కాకూడదని జిగురు పూసినవాణ్ని నేనే కదా. ఆ జిగురు మాత్రం ఇచ్చిన మాట నిలబెట్టుకుంది.

ఎనిమిదీ పది. నా జాబితాలో అంశాలన్నీ అయిపోయాయి. పాలిటీ అన్న నా పక్కనే బురదలో గొంతుక్కూర్చొని ఉన్నాడు. తిట్టినా బాగుండేది. సిగ్గు చంపుకొని ఉస్తాద్‌కు ఫోను చేసి, స్పీకర్ పెట్టి సంగతి చెప్పాను.

"దువ్వెన ఆడిందా?" అన్నాడు అటునుంచి.

"పెట్టలేదు ఉస్తాద్."

"మరైతే ఇప్పుడు తల దువ్వుకుంట కూసో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తల దించుకున్నాను. "ఉస్తాద్, పరీక్ష పిల్లలు. పరేషాన్ అయితున్రు," అన్నాను.

అటు గొంతు మారింది. "ఎంతమంది ఉన్నరు?"

"ఇరవై."

"ఇరవైమందిని పెట్టుకొని నాకు ఫోన్ చేస్తున్నవా సాబ్? గేటు లేపుమను. కొంచమే, వేలు మందం. బరువు లేస్తే తాళం తిరుగుతది. చెయ్యి మాత్రం కింద పెట్టనియ్యకు."

నా చదువులో ఇరవైమంది మనుషులు అనే పనిముట్టు లేదు. అందుకే తట్టలేదు. సగంమంది చిన్న గేటులోంచి దూరి బయటి వైపు, మిగతావాళ్లు లోపలి వైపు వరుసగా నిలబడి గేటు కమ్మీలు పట్టుకున్నారు. షాపాయన కూడా గొడుగు పారేసి వచ్చాడు. "ఒకటి, రెండు, మూడు," అని పాలిటీ అన్న లెక్కపెట్టాడు, రాజ్యాంగం చదివే గొంతుతోనే. మొదటిసారి లేవలేదు. రెండోసారి ఎవరో నవ్వాపుకోలేక వదిలేశారు. మూడోసారి గేటు మూలిగి, వేలు మందం లేచింది. నా చేతిలో తాళం టక్కుమని తిరిగింది.

ఎనిమిదీ ఇరవై ఎనిమిది. గేటు పక్కకు తోశారు. బండ్లన్నీ ఒకేసారి బుర్రుమన్నాయి. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, చూడాల్సిన పని కూడా లేదు. పాలిటీ అన్న నా జేబులోంచి హాల్‌టికెట్ లాక్కొని, చొక్కా లోపల దాచుకొని వెళ్లిపోయాడు. రెండు నిమిషాల్లో ఆవరణలో నేను, గేటు, వాన మిగిలాం. షాపాయన భార్య చాయ్ పంపింది. అది తాగి, మంటతో బోల్టులు కాల్చి, జిగురు కరిగించి, పట్టీని పైకి జరిపాను. సందు ఎంత ఉంచాలో తెలియలేదు. నా జేబులో దువ్వెన లేదు. షాపాయన్ని అడిగి తెచ్చుకొని పెట్టి చూశాను. ఆడింది.

గదికి వచ్చాక మనసు నిలవలేదు. అందాడా లేదా? ఫోను చేద్దామంటే ఆయన నంబరు నా దగ్గర లేదు. ఎప్పుడూ ఆరడుగుల దూరంలో ఉండే మనిషి నంబరు ఎందుకని తీసుకోలేదు. క్షమాపణ ఎలా చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను: ఒకటి, మన్ను గుణం. రెండు, జిగురు. మూడు, తప్పు నాదే. మళ్లీ మూడోదాన్ని ఒకటోదానికి మార్చాను. సాయంత్రం ఆరింటికి ఆయన మోకాళ్ల దాకా బురదతో వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"అందినవా అన్నా?"

"నాలుగు నిమిషాలు ఉండంగ అందిన."

నేను ఊపిరి పీల్చుకొని కాగితం తీశాను. ఆయన వినకుండా, "తమ్మీ, ఒకటి అడుగుత చెప్పు. నీ గేటు కింద ఏం మన్ను?" అన్నాడు.

"నల్లరేగడి అన్నా. తడిస్తే పొంగుతది."

ఆయన మోకాలి మీది బురద గోటితో గీకి చూశాడు. "బిట్టు వచ్చింది. తడిస్తే పొంగి, ఎండితే పగిలే నేల ఏది అని. పొద్దున అంత సేపు అండ్లనే కూసున్న. బట్టలకు అంటుకొనే ఉంది. అయినా ఎర్రనేల అని పెట్టిన."

ముందు ఆయనే నవ్వాడు. తరువాత నేను. కడుపు పట్టుకొని నవ్వాం. పక్క గదివాళ్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఏమైందో తెలియకుండానే నవ్వారు. ఆ రాత్రి భోజనం దగ్గర నన్ను మధ్యలో కూర్చోబెట్టి గేటు కథ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. చెప్పిన ప్రతిసారీ గేటు ఒక క్వింటాలు బరువెక్కింది.

ఆ పరీక్షలో ఆయన గట్టెక్కలేదు. ఆ ఒక్క బిట్టు వల్ల కాదు, చాలా తేడాతోనే అని పక్క గదివాళ్లు చెప్పారు. ఆగస్టులో ఒక రోజు నేను కవాడిగూడలో పనిలో ఉండగా గది ఖాళీచేసి వెళ్లిపోయాడు. వచ్చేసరికి మంచం మీద పరుపు చుట్టి ఉంది. ఏ ఊరో వార్డెన్‌ను అడుగుదామని కిందికి దిగాను. "ఎవరి గురించి?" అన్నాడాయన. పాలిటీ అన్న అన్నాను. "అట్లంటే ఎట్ల తెలుస్తది, రిజిస్టర్ల గది నంబర్లు ఉండయి, పేరు చెప్పు," అన్నాడు.

అప్పటి నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ ఆదివారం పేజీలో మోటారు నంబరు ఉంది, బోల్టుల లెక్క ఉంది, ఘట్‌కేసర్ సెంటర్ ఉంది, ఎనిమిదీ ఇరవై ఎనిమిది అని గేటు తెరుచుకున్న సమయం ఉంది. ఆ పొద్దున హాల్‌టికెట్ దాదాపు అరగంట నా దగ్గరే ఉంది. మొదటి వరుసలో పెద్ద అక్షరాలతో ఆయన పేరు ఉండే ఉంటుంది. నేను సెంటరూ సమయమూ చదివి, మిగతాది మనకు అవసరం లేదనుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ తీసినప్పుడల్లా, అంత శ్రద్ధగా అన్నీ రాసిన ఆ కుర్రవాణ్ని చూసి నవ్వొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకొని, "ఇంకో వరుస రాయి రా" అని చెప్పాలనిపిస్తుంది.