రుచి చూడందే పోయనివ్వదు

వెరోనికా మనుషుల్ని నమ్మదు. నీళ్లనైతే అసలే నమ్మదు.

ఒకప్పుడు అడవి దుంగలు లాగిన నారోగేజ్ ఆవిరి ఇంజను సునామీలో మునిగి తుప్పు పట్టింది. పోర్ట్ బ్లెయిర్ వాళ్లు కొందరు దాన్ని శనివారాలు జీతం లేకుండా బాగుచేస్తున్నారు. బాయిలరులో నీళ్లు నింపడం వెరోనికా పని. ఉప్పునీళ్లు బాయిలరును తినేస్తాయని ఆమె ప్రతి బకెట్టూ రుచి చూస్తుంది.

బకెట్లు మోసే ఫణికుమార్‌కి ఒళ్లు మండింది. "వాన నీళ్లే దీదీ! నా మీద భరోసా లేదా?"

"మా బావి మీదా నాకు భరోసా ఉండీది బాబూ. సునామీ వచ్చిన పొద్దున అదీ ఉప్పయిపోయింది."

ఫణికుమార్ తర్వాతి బకెట్టు తానే ఒక గుక్క తాగి చూసి అందించాడు.

వెరోనికా అతని ముఖంలోకి చూసింది. మళ్లీ తానూ తాగి చూసింది.