కాళ్ళు విరగ్గొట్టే పోస్టుకు మా ఊరి దండాలు

మా ఇంటి ముందు గదిలో కిరాయికి ఉండే పిల్ల ఫారెస్టు బీట్ ఆఫీసర్. చేతిలో కర్ర, వీపున సంచి, పొద్దున్నే ఒక్కతే అడవిలోకి వెళ్ళేది. ములకలపల్లి దాటాక ఉండే మా ఊరంతా పోడు మీద బతికేదే. మా ఆయనా అడవి నరికిన చెలకలో పత్తి వేస్తాడు, దానికి పట్టా రాలేదు. అది ఎప్పుడు పోతుందోనన్న భయంతోనే రోజూ అన్నం తింటాం. అయినా పగలు గెట్టు దగ్గర కొట్లాడుకున్న ఆ పిల్లా, మా ఆయనా సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చునేవాళ్ళు.

"బాబాయ్, ఈ గెట్టు దాటితే కేసు రాస్త" అనేది.

"రాద్దువులే బిడ్డా, ముందు చాయ్ తాగు" అనేవాడు ఈయన.

మా ఊరికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఏది వచ్చినా దండం బొమ్మ పెట్టడం మా ఆచారం. శుభోదయానికి దండం, పుట్టినరోజుకు దండం, పోయినవాళ్ళ ఫొటోకు దండం, రేపు కరెంటు ఉండదంటే దానికీ దండం. పెట్టకపోతే మనసులో ఏదో పెట్టుకున్నాడంటారు. ఎండాకాలం అడవి అంటుకుంటే కబురు చెప్పడానికని ఆ పిల్లనూ గ్రూపులో చేర్చారు.

ఎలక్షన్ల ముందు మా నాయకుడికి పౌరుషం పుట్టింది. ఆయన మనిషొకడు మీసం తిప్పుతూ, "పోడుల అడుగుపెట్టే ఫారెస్టోళ్ళ కాళ్ళు విరగ్గొడతం" అని వీడియో తీశాడు. నాయకుడు దాన్ని తన పేజీలో పెట్టుకుని, "ఇదీ మన దమ్ము" అని రాసి, పక్కన మంటల బొమ్మలు అతికించాడు. అడవికి నిప్పు పెట్టొద్దని చెప్పే బోర్డు మీద ఫొటోలో నవ్వేదీ ఆయనే, అది వేరే సంగతి.

వీడియో మా గ్రూపులో పడింది. ఇంకేముంది, వరసబెట్టి దండాలు! సర్పంచ్ దండం, కిరాణా కొట్టాయన దండం, నా మొగుడి దండం. వాటినే ఫొటో తీసి, "అడవి బిడ్డల ఆశీర్వాదం" అని నాయకుడి మనుషులు మళ్ళీ పోస్టు పెట్టారు. దానికీ దండాలే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరి కాళ్ళయ్యా అవి? మనింటి ముందట చెప్పులిడిచే పిల్లయి కాదా?" అని అరిచాను.

"అందరు పెట్టిన్రు, నేనూ పెట్టిన. పెట్టకుంటే రేపు పట్టా అడగనీకి ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" అన్నాడు మా ఆయన.

ప్రచారానికి నాయకుడు వచ్చాడు. హారతి పళ్ళెం నా చేతిలో పెట్టారు. పళ్ళెం పట్టుకునే అడిగాను: "సారూ, ఫారెస్టు పిల్ల మా ఇంట్లనే కిరాయికుంటది. కాళ్ళు మీరొచ్చి విరగ్గొడతరా, మమ్మల్నే కానిమ్మంటరా?"

ఆయన చల్లగా నవ్వాడు. "కాళ్ళంటే కాళ్ళు కాదమ్మా, అహంకారం. అయినా ఆ పేజీ నేను చూడను, మా పిల్లలు చూస్తరు."

చప్పట్లే చప్పట్లు. మా ఆయనైతే "ఎంత మంచిగ జెప్పిండే!" అని మురిసిపోయాడు. హారతి ఆరిపోయింది, నేను మళ్ళీ వెలిగించలేదు. నాయకుడు గెలిచాడు, మా ఊరి బూత్‌లో కూడా.

పటాకులు కాల్చిన మర్నాడు ఆ పిల్ల సామాను సర్దుకుంది. మండల కేంద్రంలో గది చూసుకుందట. కుక్కరూ, బకెట్టూ, చాపా ఆటోలో పెడుతుంటే మా ఆయన వెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు. ఎక్కించిన చాపను మళ్ళీ కిందికి దించబోయాడు.

"మేం లేమా బిడ్డా? ఆయనేదో ఓట్ల కోసం అన్నడు. ఆయనకెందుకు భయపడుతవ్?"

"ఆయనతోటి నాకేం భయం బాబాయ్? గెలిచిండు, ఇగ ఇటు దిక్కే రాడు. అడవిల రోజూ నాకు ఎదురొచ్చేది మీరే."