కప్పు మీద నిలిచిన వాన

మంచాన పడ్డ మనిషిని వానాకాలంలో బండి మీద తీసుకుపోవాలనుకునేవాళ్లు బయలుదేరే ముందు ఒకసారి తమ బండి కప్పు ఎక్కి చూసుకోవాలి. మేం చూసుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఆయన రెండేళ్ల కిందట చెరుకు లోడు మీదినుంచి పడ్డారు. నడుము కింద స్పర్శ పోయింది. అంతకు ముందు మొగుడంపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్లో ప్రార్థన కూడిక జరిగినా ఢోలక్ ఆయనదే. పడ్డాక వెన్ను కింద పుండు లేచింది. జహీరాబాద్ దవాఖానలో నెలల తరబడి కట్టు కట్టించుకుంటే మానుతూ వచ్చింది. "పక్క తడవనియ్యకమ్మా. తోలు నానితే మళ్ల విచ్చుకుంటది, ఈసారి ఎముకదాక పోతది" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

బీదర్ అవతల ఏటా జరిగే ప్రార్థన కూటాల్లో నిలబడి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలని ఆయన కోరిక. నిలబడటం ఎలాగూ లేదు, పడుకునైనా చెబుతానన్నారు. కూర్చోలేని మనిషి బస్సెక్కలేడు. అందుకని మా చర్చి సంఘం వాళ్లు ఒక పాత సరుకుల బండి కొని, వెనక ట్రాలీ మీద ఇనుప చట్రం నిలబెట్టి, చుట్టూ పైనా రేకులు బిగించారు. లోపల అడుగుకు బిగించిన బల్ల, దాని మీద పరుపు, నాకొక స్టూలు, ఒక స్టవ్వు. అందరం దాన్ని డబ్బా బండి అనేవాళ్లం. అది ఇంటి ముందుకు వచ్చిన రోజు నేను మోకరించి దేవుణ్ణి స్తుతించాను. ఆ స్తుతిని ఈ రోజుకూ వెనక్కి తీసుకోను.

కప్పు పని మొదట బాగానే చేశారు. రేకు గట్లు ముందునుంచి వెనక్కి పోయేట్టు వేసి, వెనకవైపు కొంచెం వాలు ఇచ్చారు. బోల్టులన్నీ గట్ల మీదే వేశారు, పల్లంలో ఒక్కటీ వేయలేదు. ఒక్కో బోల్టు కింద లారీ ట్యూబు ముక్క పెట్టారు. వెనక అంచును కిందికి వంచడంతో నీళ్లు తలుపు మీదికి రాకుండా దూరంగా పడేవి. వారం రోజుల ముసురులో ఇంటి ముందు నిలబడి లోపల పొడిగా ఉన్న బండి అది.

బయలుదేరే ముందురోజు సంఘపెద్ద సామ్యేలన్న తన ఖర్చుతో చేయించిన ఇనుప సిలువ తెచ్చాడు. దాని అడుగున పెద్ద పళ్లెం. అది సమంగా కూర్చోవాలని కప్పు నడిమధ్యన గట్లను సుత్తితో చదును చేసి, నాలుగు బోల్టులు దించారు. నేను కింద నిలబడి పాట పాడుతున్నాను. బాగుందని నేనూ అన్నాను.

మర్నాడు పొద్దున్నే నలుగురు సంఘం మనుషులు దుప్పటి నాలుగు మూలలు పట్టి ఆయన్ను బండిలోకి ఎక్కించారు. సామ్యేలన్న ముందు సీట్లో కూర్చున్నాడు. డ్రైవరు ఖాజా జహీరాబాద్ వాడు, కిరాయికి మాట్లాడుకున్నాం. టౌనులో టిఫిను కట్టించుకుని న్యాల్‌కల్ వైపు తిరిగేసరికి ఎనిమిది దాటింది. అల్లం మళ్ల మీద మబ్బు కమ్మి, న్యాల్‌కల్ చేరేలోగా వాన అందుకుంది.

మొదట నీళ్లు, లోపలి చిన్న ఫ్యానుకు బయటినుంచి వేసిన వైరు వెంట జారుతూ లోపలికి వచ్చాయి. అది తేలిక. వైరును లోపలికి దూరే రంధ్రం కన్నా కిందికి వంచి ఉచ్చులా వదిలితే, చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. తర్వాత రేకు లోపలంతా చెమట పట్టింది. అది మా ఊపిరే. కిటికీ రెండు వేళ్లంత తెరిస్తే పోయింది. మూడోది మాత్రం సరిగ్గా పరుపు మీద పడింది. పుండు కారణంగా ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టాం. చుక్కలు నడుము కింద పుండు కట్టు మీదే పడుతున్నాయి. ఖాజా బ్రేకు వేసినప్పుడల్లా చుక్క ధార అయ్యేది.

"పైన మనోళ్లు చెరువు గట్టిన్రే" అన్నారాయన నవ్వుతూ.

నడుము కింది ఆ తడి ఆయనకు తెలియదు. నాకే తెలుసు.

బండి ఆపించి కప్పు మీదికి తొంగి చూశాను. సుత్తి దెబ్బలకు పడిన గుంటలో నీళ్లు నిలిచి, సిలువ పళ్లెం కిందికి పోయి, బోల్టుల వెంట లోపలికి దిగుతున్నాయి. ఖాజా సీటు కిందినుంచి సరుకుల మీద కప్పే తాడిపత్రి పట్టా తీశాడు.

"కప్పేద్దాం అక్కా. నడుమ ఒక కట్టె నిలబెడ్తె నీళ్లు రెండు దిక్కుల జారిపోతయ్."

"వద్దు" అన్నాడు సామ్యేలన్న. "సిలువకు ముసుగేసుకొని కూటాలకు పోతమా? ఎవరికి భయపడి దాచినమంటరు చెల్లె?"

"మా మసీదు మీద పెచ్చులూడితె మేం గూడ కవరు కప్పినం పెద్దన్నా. అల్లా ఏం గుస్సా కాలే" అన్నాడు ఖాజా.

"నీకేం తెలుస్తది? నువ్వు బండి నడుపు."

"అన్నా, ఆయన పుండు తడుస్తున్నది" అన్నాను.

"ప్రార్థన చెయ్ చెల్లె. ప్రభువే చూసుకుంటడు."

ప్రార్థన చేస్తూనే ఉన్నాను, రెండు చేతులతో గిన్నెను పుండుకు పైన ఎత్తి పట్టుకుని. మీరు పోయేటప్పుడు ఎవరి మాటకూ ఆగకండి. తాడిపత్రి కప్పండి.

మధ్యాహ్నానికి కూటాల మైదానం చేరాం. తెలుగువాళ్లు, కన్నడం వాళ్లు, కొందరు మరాఠీ వాళ్లు. మా బండి సిలువను చూసి జనం చేతులెత్తారు. పరుపు తిరగేశాను, కింది పక్కా తడే. తెచ్చిన చీరలన్నీ మడిచి ఆయన కింద పెట్టాను. సాయంత్రం సామ్యేలన్న మైకు అందుకున్నాడు.

"ఇంత వానల, మా తమ్ముని మీద ఒక్క చుక్క వడలేదు! సిలువ నీడల పొడిగ వచ్చిండు!"

మైదానమంతా హల్లెలూయ అంది. నేను అప్పుడే గిన్నెలో నీళ్లు బయట పారబోస్తున్నాను. వేదిక దిగి వచ్చాక సామ్యేలన్నను అడిగాను.

"గట్ల అబద్ధం చెప్పినవేందన్నా?"

"అబద్ధం కాదు చెల్లె. విశ్వాసంతోని చెప్పిన."

కూటాలకు వచ్చిన నర్సు ఒకామె మర్నాడు పొద్దున ఆయన కట్టు విప్పి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇక్కడ ఉండకండి. ఇయ్యాలనే దవాఖానకు పోండి" అంది. ఆయన సాక్ష్యం ఆ రోజు మధ్యాహ్నానికి పెట్టారు. అంతదాకా ఆగేది లేదనుకున్నాను.

నేను స్పానర్ అడిగాను. ఖాజా నన్నొకసారి చూసి, తనే కప్పెక్కి నాలుగు బోల్టులు విప్పాడు. సిలువను నేనే చేతుల మీదికి తీసుకుని లోపల ఆయన పక్కన పడుకోబెట్టాను. లోపలినుంచి చెక్క ఆనించి జాకీతో ఎత్తితే గుంట పైకి లేచింది. ట్యూబు ముక్కలు పెట్టి ఆ ఖాళీ రంధ్రాల్లో బోల్టులు మళ్లీ బిగించి, తాడిపత్రి కప్పాం. తాళ్లు చట్రానికి కట్టేచోట వేలాడేట్టు కొంచెం వదులు ఉంచాం, నీళ్లు తాడు వెంట లోపలికి రాకుండా.

"సిలువను దించిన చేతులు ఎవరివో సంఘానికి చెప్త" అని సామ్యేలన్న బస్సుకు పోయాడు.

తిరుగుదారిలో వాన ఇంకా గట్టిగా కొట్టింది. లోపల ఒక్క చుక్క పడలేదు. సరిహద్దు దాటాక ఆయన్ను అడిగాను, సాక్ష్యంలో ఏం చెబుదామనుకున్నారని. నా చెయ్యి పట్టుకున్నారు. జ్వరంతో చెయ్యి కాలుతోంది.

"ఏం లేదు. నా మీద కప్పు ఏసినోళ్ల పేర్లు ఒక్కొక్కటి చెప్దామనుకున్న."

బైబిల్లో పక్షవాతం మనిషిని ప్రభువు ముందుకు దింపడానికి ఇంటి కప్పు విప్పిన నలుగురి సంగతి ఆదివారపు బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. మావాళ్లూ నలుగురే. పక్షవాతం మనిషి మీది కప్పుకే నాలుగు రంధ్రాలు చేశారు. ప్రభువు మీద నాకు కోపం లేదు. ఆయన ఆ కప్పెక్కలేదు.

పొద్దు వాలుతుండగా జహీరాబాద్ దవాఖాన ముందు ఆగాం. వార్డు మనిషి స్ట్రెచర్ తెచ్చి, దుప్పటి పట్టడానికి నలుగురు కావాలన్నాడు. సంఘానికి ఫోను చేశాను. ఎత్తిన మనిషి నీళ్లు నమిలాడు.

"అందరం మందిరంల ఉన్నమక్కా. సిలువ సంగతి మాట్లాడుతున్నరు. అది తేలినంక వస్తం."

ఖాజా ఒక మూల పట్టుకున్నాడు. వార్డు మనిషి ఒక మూల. గేటు దగ్గర చాయ్ తాగుతున్న ఆటో అతను గ్లాసు కింద పెట్టి, పిలవకుండానే వచ్చి మూడో మూల పట్టాడు. నాలుగో మూల నేను పట్టాను.