టార్నీట్ ప్లాజాలో కుబేరస్థానం

నేను స్పెయిన్ ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ మాడ్రిడ్ నడిబొడ్డున ఉన్న పాత చౌరస్తాలో కమానుకూ కమానుకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో, ఏ మూల నుంచి ఏ సందు బయటికి పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. గుంటూరులో మా వీధి చివర ఏముందని అడిగితే మాత్రం కాస్త ఆలోచించుకోవాలి.

దీనికంతటికీ కారణం మా బాస్ హనీమూన్. మెల్‌బోర్న్‌కు పడమట, టార్నీట్ రైల్వే స్టేషన్ అవతల, ముళ్ళగడ్డీ గాలీ తప్ప ఇంకేమీ లేని బీడులో ఒక బిల్డరు కొత్త కాలనీ వేశాడు. దాని మధ్యలో దుకాణాల సముదాయానికి ప్లాను గీసే పని మా ఆఫీసుకు వచ్చింది. అక్కడ డ్రాయింగులు గీసే ఉద్యోగం నాది. మా బాస్ పెళ్ళైన కొత్తలో భార్యతో మాడ్రిడ్ వెళ్ళి, అక్కడి ప్లాజా మేయర్‌లో ఎండలో కూర్చుని కాఫీ తాగాడట. "మేట్, ఆ కాఫీ రుచి ఇప్పటికీ పోలేదు" అనేవాడు. ఆ పెళ్ళి నిలవలేదు గానీ కాఫీ నిలిచింది. దాంతో టార్నీట్ నొసట స్పెయిన్ చౌరస్తా రాసిపెట్టినట్టయింది.

దాని చరిత్ర చదివి రమ్మని నాకు పురమాయించాడు. జీతమిచ్చి చరిత్ర చదివించేవాడు ఎక్కడ దొరుకుతాడు! కూర్చుని చదివాను. అది మొదట కోటగోడ బయట జరిగే సంతట. తర్వాత రాజుగారు రాజధానిని ఆ ఊరికి తెచ్చుకున్నాక, ఈ చిందరవందర ఏమిటని, చుట్టూ ఒకే వరసలో మేడలు, కింద కమానుల వరండా, పైన బాల్కనీలు కట్టించారు. అది మూడుసార్లు తగలబడింది. మూడోసారి తర్వాత మేడల ఎత్తు తగ్గించి, మూలలన్నీ కమానులతో మూసి, నాలుగు గోడల పెద్ద హాలుకు కప్పు తీసేసినట్టు తయారుచేశారు.

నాకు బాగా నచ్చింది బాల్కనీల సంగతి. ఎద్దుల ఆట ఉన్న రోజున ఇంటి బాల్కనీ ఇంటివాళ్ళది కాదు. దర్బారు నుంచి వచ్చిన పెద్దమనుషులకు అప్పగించాల్సిందే. మన పెళ్ళిలో ఎమ్మెల్యేగారు రాగానే పెళ్ళికూతురి మేనమామను ముందు వరసలోంచి లేపడం లాంటిదన్నమాట. ప్రభుత్వం మారినప్పుడల్లా చౌరస్తా పేరు కూడా మార్చారు. రాజు వస్తే రాజు పేరు, రాజ్యాంగం వస్తే రాజ్యాంగం పేరు, మళ్ళీ రాజు వస్తే మళ్ళీ రాజు పేరు. అది చదివాక స్పెయిన్ నాకు పరాయి దేశం అనిపించలేదు.

ఆ చౌరస్తాకు ఉత్తరం వైపున అన్నిటికంటే ఘనమైన మేడ ఒకటుంది. దాన్ని రొట్టెల ఇల్లు అంటారు. కింది అంతస్తులో ఊరికి రొట్టెలు, పై అంతస్తులో వేడుకలు చూడటానికి రాజకుటుంబం. ఆ మేడ ముఖం దక్షిణానికి ఉంటుంది. అక్కడ సూర్యుడు దక్షిణం వైపు నుంచి తిరుగుతాడు కాబట్టి శీతాకాలంలో కూడా దాని ముఖాన ఎండ పడుతుంది.

మా బాస్ ఆ మేడను ఉన్నదున్నట్టు దించమన్నాడు, దిక్కుతో సహా. నేను నోరు తెరవాల్సి వచ్చింది. "మన దగ్గర సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. ఈ వరస దక్షిణానికి తిరిగి ఉంటే చలికాలమంతా దీని నీడ దీని మీదే పడుతుంది, పైగా దక్షిణ గాలి తిన్నగా లోపలికి కొడుతుంది" అన్నాను. "స్టేషన్‌లోంచి దిగగానే ఆ మేడే కనపడాలి మేట్" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని నేనూ కమానులు గీసుకున్నాను.

అక్కడి స్తంభాలు రాయి. మావి థర్మోకోల్ మీద సిమెంటు పూత, వేలితో తడితే డబ్ అంటాయి. మూడుసార్లు తగలబడి వాళ్ళు నేర్చుకున్న పాఠాన్ని మేం ఒక్క చౌక కొటేషన్‌తో మర్చిపోయాం. అక్కడ నడిమధ్యన గుర్రం మీద రాజుగారి విగ్రహం ఉంటుంది. ఇక్కడ రాజు ఎవరో తేలక, జనం వచ్చి సాసేజ్‌లు కాల్చుకోవడానికి కరెంటు బార్బీ పొయ్యి పెట్టారు. ప్రజాస్వామ్యం కదా!

ఇక మా అక్క సంగతి. అక్కా బావా టార్నీట్‌లోనే ఉంటారు. అక్క అప్పటికి చాన్నాళ్ళుగా ఒక కోల్డ్ స్టోరేజీ గోదాములో పనిచేస్తోంది. గడ్డకట్టిన కూరగాయల పెట్టెలు సర్దే పని. మందపాటి నీలం జాకెట్ వేసుకుని వెళ్ళి, ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చేది. వచ్చాక ఏ పనీ లేకపోయినా వంటింట్లో పొయ్యి ముందు నిలబడేది. శనివారాలు మాలాంటి వాళ్ళందరికీ అట్లు పోసి పెట్టేది. టార్నీట్‌లో సగం మంది తెలుగువాళ్ళు ఆ అట్ల రుచి మరిగినవాళ్ళే.

"ఒక టిఫిన్ కొట్టు పెట్టుకుంటానురా. ఇంక ఆ ఫ్రిజ్‌లోకి పోలేను. పొద్దస్తమానం పొయ్యి దగ్గర ఉండే పనైతే చాలు నాకు" అంది ఒకరోజు. ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చేసింది. ప్లాజాలో దుకాణం తీసుకోవాలన్నది ఆమె ఆలోచన. ఏ దుకాణం అన్న దగ్గర మా బావ ప్రవేశించాడు.

మా బావ ఐటీలో కాంట్రాక్టర్. వృత్తి అది, ప్రాణం వాస్తు. మనవాళ్ళు ఇల్లు చూడటానికి వెళ్తే ముందు ఫోన్లో దిక్సూచి తీస్తారు, తర్వాతే తలుపు తీస్తారు. ఇక్కడివరకూ అందరూ ఒకటే. బావ మాత్రం అక్కడితో ఆగక ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. భూమధ్యరేఖ దాటాక సూర్యుడే అటు నుంచి ఇటు మారాడు కాబట్టి దిక్పాలకులు కూడా మారి తీరాలట. మన దగ్గర ఉత్తరాన ఉండే కుబేరుడు ఇక్కడ దక్షిణానికి వచ్చేశాడట. దక్షిణాన ఉండే యముడు ఉత్తరానికి వెళ్ళాడట. అందుకని ఆస్ట్రేలియాలో దుకాణం పెడితే దక్షిణ ముఖమే పెట్టాలట.

అక్కకు అనుమానం తీరక విజయవాడలో ఉన్న సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేసింది. నేనూ పక్కనే ఉన్నాను.

"మీ దగ్గర సూర్యుడు తూర్పునే ఉదయిస్తున్నాడా తల్లీ?" అని అడిగాడాయన.

"తూర్పునేనండీ."

"అయితే ఇంకేం, ఉత్తరం ఉత్తరమే. యముడు ఎక్కడికీ వలస పోలేదు. ఆయనకేం ఖర్మ!"

బావ ఫోన్ లాక్కుని కాల్ కట్ చేశాడు. "ఆయన ఎప్పుడైనా ఈక్వేటర్ క్రాస్ చేశాడా? ఆయనకేం తెలుసు సదరన్ హెమిస్ఫియర్ గురించి!" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఇదే.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వే గీశావు కదరా, నువ్వు చెప్పు. ఏ వైపు తీసుకోను?"

"ఎదురు వరస తీసుకోక్కా, ఉత్తరానికి చూసేది. రోజంతా ఎండ ఉంటుంది."

"నీ మాట మీ ఆఫీసులోనే వినలేదు, మేం వినాలా?" అన్నాడు బావ. ఆ మాట నిజం కావడం వల్ల నాకు బాగా కోపం వచ్చింది.

చూస్తుండగానే బావ సిద్ధాంతం వాట్సాప్ గ్రూపుల్లో పాకింది. దక్షిణ ముఖం ఉన్న ఆ ఘనమైన వరసను మనవాళ్ళు ఎగబడి పట్టుకున్నారు. చీరల కొట్టు, బ్యూటీ పార్లర్, మిఠాయి కొట్టు, అన్నీ అటే. ఎండ పడే వరసలో ఒక్కరూ దిగలేదు. బిల్డరు తరఫున దుకాణాలు అద్దెకిచ్చే ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "మీ వాళ్ళకు ఎండంటే పడదా?" అని అడిగింది. "పడుతుంది, కానీ యముడంటే పడదు" అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఎండిన మొహంతో ఖాళీ దుకాణాల తాళాలు లెక్కపెట్టుకుంది.

స్పెయిన్‌లో ఎండ ఉందని దక్షిణానికి తిప్పిన మేడను మా బాస్ ఇక్కడ ఎండ లేకపోయినా దక్షిణానికే తిప్పాడు. ఇక్కడి ఎండ ఉత్తరాన ఉందని ఒప్పుకున్న మా బావ, ఆ కారణం చేతనే ఎండకు వీపు పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. ఇద్దరి మధ్యా నలిగింది మా అక్క. ఇంట్లో పోరు పడలేక బావ చూపించిన దుకాణానికే సంతకం పెట్టింది.

మొదట్లో బాగానే నడిచింది. వేసవి మండుతున్నప్పుడు నీడ ఎవరికి చేదు? బావ కమాను కింద నిలబడి వచ్చినవాళ్ళందరికీ కుబేరుణ్ణి చూపించేవాడు. జూన్ వచ్చింది, ఇక్కడ చలికాలం. దక్షిణ గాలి మొదలైంది. ఆ గాలి మంచు ఖండం నుంచి బయల్దేరి దారిలో ఎక్కడా ఆగకుండా మా అక్క కొట్టులోకే వస్తున్నట్టుండేది. హీటరు వేడి ఆ ఎత్తైన కమాను తలుపుల్లోంచి బయటికి పోయి ప్లాజాను వేడి చేసే ప్రయత్నంలో పడేది. టిఫిన్‌కు వచ్చినవాళ్ళు పొట్లం కట్టించుకుని, ఎదురు వరస ఖాళీ దుకాణాల మెట్ల మీద ఎండలో కూర్చుని తినేవాళ్ళు.

అదైనా సర్దుకోవచ్చు. పిండి పులవడం మానేసింది. ఇంట్లో పులియబెట్టి తేవడానికి ఊరి కౌన్సిల్ ఒప్పుకోదు, కొట్టు వంటగదిలోనే చేయాలి. అక్క గిన్నెకు డూనా దుప్పటి చుట్టింది, ఓవెన్‌లో లైటు వేసి పెట్టింది, వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టింది. ఓవెన్‌లో పట్టేది కాస్త పిండే, కొట్టుకు కావలసింది గంగాళమంత. తెల్లారేసరికి రుబ్బినది రుబ్బినట్టే ఉండేది. ఇడ్లీలు రాళ్ళు. పెసరట్టుకు పులియబెట్టే పని లేదు కాబట్టి రోజూ పెసరట్టే. జనం మాత్రం ఎన్నాళ్ళు తింటారు? రావడం తగ్గించారు.

ఒక పొద్దున నేను వెళ్ళేసరికి అక్క పొయ్యి వెనక నిలబడి ఉంది. ఒంటి మీద ఆ పాత గోదాము జాకెట్. 

"మళ్ళీ ఇదెందుకు తీశావక్కా?"

"ఏం చేయనురా, ఇది లేకపోతే చేతులు కొంకర్లు పోతన్నాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డా బాగుండేది, వెచ్చగానన్నా ఉండేది. నేను ఫ్రిజ్‌లోంచి ఫ్రిజ్‌లో పడ్డా." పెనం మీద చేతులు కాచుకుంటూ, "గోదాము నుంచి ఫోన్ చేశారు. ఎప్పుడైనా రావచ్చన్నారు. వాళ్ళు రావద్దంటే బాగుండేదిరా. మూసేద్దామా అని నాకే అనిపిస్తంది" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు మా బాస్ మీదా, బావ మీదా, నేను గీసిన ప్రతి కమాను మీదా ఒళ్ళు మండిపోయింది.

ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ వరసకు అసలు పేరేమిటో చెప్పాను. స్పెయిన్‌లో దీన్ని రొట్టెల ఇల్లంటారని, అక్కడ అది ఎండలో ఉంటుందని, మనవాళ్ళు ఆకారం తెచ్చి ఎండను అక్కడే వదిలేశారని.

అక్క కన్నీళ్ళు తుడుచుకోవడం ఆపి నా వంక చూసింది. "ఎండలోనే ఉంటదిగా మరి. వాళ్ళ పిండి మాత్రం పొంగొద్దా?"

రొట్టెల ఇంటిని అందుకే అటు తిప్పారని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. 

ఆమె పులవని పిండి గంగాళం రెండు చేతులా ఎత్తుకుని, ప్లాజాకు అడ్డంపడి, బార్బీ పక్కనుంచి నడిచి ఎదురు వరసకు వెళ్ళింది. తాళాలావిడ చేత ఒక ఖాళీ దుకాణం తెరిపించి, అద్దాల వెనక, ఎండ పడే చోట గంగాళం పెట్టి మూత వేసి వచ్చింది. ఆ మధ్యాహ్నం తాళాలావిడే పరిగెత్తుకొచ్చింది. "మీ గిన్నె బయటికి వచ్చేస్తోంది!" అంది కంగారుగా. వెళ్ళి చూస్తే పిండి మూతను పైకి నెట్టి, అంచు దాటి, కొత్త పలకల నేల మీదికి కారుతోంది. అక్క అక్కడే ఎండలో కూలబడి, ఆ పిండిని వేలితో తీసి వాసన చూసి, పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది.

ఆ వరస దీపం లేక వెలవెలబోతున్నందుకు బిల్డరు మొదటి కొన్ని నెలలు అద్దె లేకుండా ఉండమన్నాడు. అక్క బావను అడగలేదు, చెప్పింది. "నేను ఎదురింటికి పోతన్నానండీ. కుబేరుణ్ణి మీరే చూసుకోండి." పాత దుకాణం లీజు మధ్యలో వదలడానికి వీల్లేదు కాబట్టి బావ అక్కడే లాప్‌టాప్ పెట్టుకుని వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తానన్నాడు. కింద పడ్డా పైచేయి ఆయనదే కావాలి కదా.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఎండ వరండాలోంచి అక్క పొయ్యి దాకా వస్తుంది. ఎండలో బల్లలు నిండిపోతున్నాయి. మా బాస్ ఒకరోజు వచ్చి అట్టు తిని, కాఫీ తాగి, చుట్టూ చూసి, "చెప్పానా మేట్, ఇదీ అసలైన ప్లాజా అంటే!" అన్నాడు. మిగతా దుకాణాలవాళ్ళు మెల్లగా ఇటు వైపు తాళాలు అడుగుతున్నారు. బావ మాత్రం అటు కమాను కింద స్థిరంగా కూర్చున్నాడు, ఒంటి మీద అక్క ఇచ్చిన నీలం జాకెట్‌తో. దాని చేతులు ఆయనకు పొట్టిగా ఉన్నా మెడ దాకా జిప్పు లాగేసుకుంటాడు.

రోజూ ఒంటిగంటకు ప్లాజా దాటి వచ్చి, ఎండ బాగా పడే బల్ల చూసుకుని కూర్చుంటాడు. మొన్న నేను ఊరుకోలేక, "ఏం బావా, యముడి వైపు వచ్చావేం?" అన్నాను.

"ఎండ కోసం కాదురా, అట్టు వేడిగా తినాలిగా" అన్నాడు.

అక్క లోపల్నుంచి అంతా వింటూనే ఉంది. అట్టు తెచ్చి ఆయన ముందు పెట్టి, "ముందు ఆ జాకెట్ విప్పండి, చెమటలు పోస్తన్నాయి" అంది.