శివమూగడం జబ్బు కాదు

మా ఆయన మిలిటరీ నుంచి తిరిగొచ్చిన కొత్తలో, మధ్యాహ్నం పూట ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగితే చాలు, మంచం కిందికి దూరేవాడు. అప్పుడు మేము గోదావరిఖనిలో మా బాపుకు కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ఉండేవాళ్ళం. సైరను మోగడం, నేల అదరడం, గూట్లో గిన్నెలు గలగలమనడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. ఆయన మాత్రం మూడేళ్ళ మా బిడ్డను కూడా మంచం కిందికి లాక్కుని, "తల ఎత్తకు, తల ఎత్తకు" అంటూ వణికేవాడు. బిడ్డ మొదట్లో అదేదో ఆట అనుకుని నవ్వేది, పోనుపోను భయపడసాగింది.

ఆయన మిలిటరీలో లారీ డ్రైవరు. కశ్మీరంలో బండ్లు వరుసగా పోతుంటే, ఆయన ముందు బండి పేలిపోయింది. అందులో ఉన్న ముగ్గురూ ఆయనతో కలిసి తిని, కలిసి పడుకున్నవాళ్ళు. వాళ్ళలో మిగిలినదాన్ని దుప్పట్లోకి ఎత్తింది ఈయనే. ఆ తర్వాత ఆయనకు నిద్ర కరువైంది. ఒకరోజు డ్యూటీలో ఉండగానే బండి ఆపి, దిగి, ఎటో నడుచుకుంటూ వెళ్ళిపోయాడట. కొన్ని నెలలు దవాఖానలో పెట్టారు. చివరికి పనికిరాడని ఇంటికి పంపారు.

వచ్చేటప్పుడు ఒక కాగితం తెచ్చాడు. నేను ఇంటర్ దాకా చదివాను కాబట్టి నా చేతిలో పెట్టాడు. జబ్బు "కాన్‌స్టిట్యూషనల్" అని అందులో ఉంది. నాకు తెలిసిన అర్థం రాజ్యాంగం ఒక్కటే. రాజ్యాంగానికీ ఈయన జబ్బుకూ ఏం సంబంధమో తోచక డిక్షనరీ తీశాను. ఒంటి తత్వాన్ని బట్టి వచ్చినది అని ఇంకో అర్థం కనిపించింది. అంటే పుట్టుకలోనే ఉందని, సర్వీసుకు ఏ సంబంధమూ లేదని, కాబట్టి పెన్షన్ రాదని.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసినవాడు. పైకప్పు కూలి కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. నేను చదివిందంతా విని ఆ చెయ్యి ఎత్తి చూపించాడు. "నా వేళ్ళు తెగిననాడు, మీ తాతకు వేళ్ళున్నయా అని ఎవడన్న అడిగిండా?" అన్నాడు.

ఆ సాయంత్రమే నన్ను ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. యూనియన్‌లో ఉండి, దెబ్బలు తగిలిన కార్మికుల తరఫున ఎన్నో అర్జీలు రాసిన మనిషి. అందరూ కాక అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆయన ఓదార్చలేదు, ప్రశ్నలు వేశాడు.

"కొలువుల తీసుకున్ననాడు డాక్టరు చూసిండా?"

"చూసిండు కాక."

"ఏమని రాసిండు?"

"ఫిట్ అని."

"గంతే బిడ్డ. మంచిగున్న మనిషిని తీస్కపోయిండ్రు. ఖరాబైనంక పంపిండ్రు. నడుమ ఏమైందో వాళ్ళు చెప్పాలె, నువ్వు కాదు."

ఆ మాటే మా మొదటి అప్పీలు. బస్టాండు దగ్గర టైపు చేయించి రిజిస్టరు పోస్టులో పంపాను. జవాబు రావడానికి ఏడాది పట్టింది. అప్పీలు కొట్టేశారు. ఈసారి కొత్త కారణం చూపారు: ఇతని కుటుంబంలో మానసిక వ్యాధి ఉంది.

"ఎవరికున్నది?" అని ఆయన్ను అడిగాను.

"దవాఖానల డాక్టరు హిందీల అడిగిండు, మీ ఇంట్ల ఒంటి మీద సోయి లేకుంట ఊగేటోళ్ళు ఎవరన్న ఉన్నరా అని. మా అవ్వకు అమ్మవారు వస్తదని చెప్పిన. నా నోటితోని నేనే చెడగొట్టుకున్న."

పెళ్ళయ్యాక నాకు అంత కోపం రావడం అదే మొదటిసారి. ఆయన మీద కాదు. మర్నాడే ఆయన ఊరికి పోయి, ఆయన్ను కన్న మా అత్తకు చెప్పాను. ఆమె చేను గట్టు మీద కూర్చుని గడ్డి మోపు కడుతోంది.

"నాకు పిచ్చని రాసిండ్రా?"

"రాసిండ్రు అత్తా."

మోపు కట్టడం పూర్తి చేసి లేచింది. "ఏడికి రావాల్నో చెప్పు. వస్త."

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. రెండో అప్పీలు కూడా కొట్టేశారు, ఎవరూ పిలవలేదు, ఏమీ అడగలేదు. వాడకట్టులో కొందరు "పిచ్చోని పెండ్లాం, కాయితాల పిచ్చిది" అని నవ్వుకున్నారు. నవ్వుకోనిచ్చాను. బ్లౌజులు కుడుతూ, మిషన్ పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు ఉత్తరాలు చదవడం నేర్చుకున్నాను. సైనికుల కేసుల కోసం ట్రిబ్యునల్ ఒకటి వచ్చిందని కాకే ఎక్కడో విని చెప్పాడు. అక్కడ కేసు వేశాం. ఇతన్ని మళ్ళీ కొత్తగా పరీక్షించండి అని ట్రిబ్యునల్ ఆదేశించింది.

హైదరాబాదులో మెడికల్ బోర్డు తేదీ సరిగ్గా తెలంగాణ కోసం బాయిలన్నీ బందు పెట్టిన రోజుల్లో పడింది. బస్సుల్లేవు, రైళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. కాక మమ్మల్ని వెంటబెట్టుకుని సమ్మె టెంటు దగ్గరికి వెళ్ళి, ఒక జీపు మాట్లాడి, రోడ్డు మీద రాళ్ళు పెట్టినవాళ్ళతో అన్నాడు: "గీ పిలగాడు దేశం కోసం పోయి ఖరాబైండు. గీ బండి పోవాలె." రాళ్ళు వాళ్ళే తీశారు.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. లోపలికి ఆయన ఒక్కణ్ణే పిలిచారు. మా అత్త కొంగు నడుముకు చెక్కుకుని ఆయన వెనకే నడిచింది. జవాను ఆపబోతే, "నా గురించి రాసిండ్రు, నేను చెప్పాలె" అంది. ఆమె వెనకాల నేను. డాక్టర్లలో ఒకామెకు తెలుగు వచ్చు. రానివ్వమంది.

"అమ్మవారు వచ్చినప్పుడు ఏమవుతుందమ్మా?" అని అడిగింది.

"బోనాలనాడు వస్తది బిడ్డా. శివమూగుత. వేపాకు నీళ్ళు సాకబోస్తరు, దిగుతది. తెల్లారి పొలంల నాటెయ్యబోత. మా ఊళ్ళ నన్ను జూసి ఎవ్వలు భయపడరు, కాళ్ళు మొక్కుతరు. నా కొడుకును జూస్తె సొంత బిడ్డె భయపడ్తది. రెండు ఒక్కటెట్లయితయి?"

ఆమె చెప్పింది ఆ డాక్టరు ఇంగ్లీషులో వినిపించింది. మధ్యలో కూర్చున్న పెద్దాయన చిన్నగా నవ్వాడు.

"నవ్వకు సారూ, రాసుకో," అంది మా అత్త.

ఆయన నవ్వు ఆపి, రాసుకున్నాడు.

ఆ తర్వాత మా ఆయన మాట్లాడాడు. దుప్పటి సంగతి నేను పూర్తిగా విన్నది ఆ గదిలోనే.

కొన్ని నెలలకు ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. వంటింటి గడప మీద కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి చదివాను. కుటుంబంలో వ్యాధి ఉందనడానికి ఆధారం లేదని ఉంది. పెన్షన్ ఇవ్వమని ఉంది. ఆయన అవేవీ పట్టించుకోలేదు. "మొదట చదివినవు చూడు, గది మల్ల చదువు," అన్నాడు. చేరేనాటికి ఇతనికి ఏ జబ్బూ లేదు, సర్వీసు వల్లనే వచ్చింది అన్న వాక్యం. మూడుసార్లు చదివించుకున్నాడు. మా అత్తకు కబురు చేస్తే, "నాకు తెల్వదా" అని ఊరుకుంది.

జబ్బు పోలేదు. మందులు ఉన్నాయి, మంచి రోజులు ఉన్నాయి, పలకరించినా పలకని రోజులూ ఉన్నాయి. తెలంగాణ వచ్చిన ఏడు మరో ఉత్తరం వచ్చింది. జబ్బు ఇంకా ఉందో లేదో చూస్తాం, మళ్ళీ బోర్డు ముందుకు రండి అని. ఆయన ముఖం వాడిపోయింది.

"మల్ల మొదటికొచ్చిందా?"

"రానీ," అన్నాను. "మనకు తొవ్వ ఎరుకే కదా."

అప్పటికి కాక లేడు. టైపు చేయించడానికి కూడా పోలేదు. తెల్ల కాగితం తీసుకుని ఇంగ్లీషులో నేనే రాశాను: తేదీ తెలియజేయండి, వస్తాము. పాత తీర్పు నకలు దానికి కుట్టి, పోస్టాఫీసు తెరవకముందే వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాను.