నిచ్చెన తిరిగిచ్చినందుకు ప్రశంసాపత్రం

వెర్లిన్ జేడెన్ గారికి ఒకటే పిచ్చి. కంటికి మనిషి కనిపిస్తే చాలు, నగరం తరఫున ఆ మనిషికి ఒక ప్రశంసాపత్రం ఇప్పించాలి.

కొందరికి చేపలు పట్టే పిచ్చి, కొందరికి పాత ట్రాక్టర్ల పిచ్చి ఉంటాయి. వాళ్ళ వాళ్ళ ఇళ్ళలోవాళ్ళు ఎలాగో సర్దుకుపోతారు. వెర్లిన్ గారు పెళ్ళి చేసుకోలేదు కనక, ఆయన పిచ్చితో సర్దుకుపోయే బాధ్యత హోల్ట్ గ్రోవ్ నగరం మీద పడింది. నగరం అన్నానని మరీ ఊహించుకోకండి. రెండువేల మూడువందల మంది జనం, రెండు ట్రాఫిక్ దీపాలు. వాటిలో ఒకటి ఏడాది పొడుగునా పసుపుపచ్చగా కొట్టుకుంటూనే ఉండేది. అయినా అమెరికాలోని అయోవా రాష్ట్రం కాగితాల్లో అది నగరమే. దానికో మేయరు, అయిదుగురు కౌన్సిల్ సభ్యులు. ఆ అయిదుగురిలో వెర్లిన్ గారొకరు.

నెలకి రెండు సోమవారాలు, సాయంత్రం ఆరింటికి కౌన్సిల్ సమావేశం. ఎజెండాలో నాలుగో అంశం ‘పౌరులకు గుర్తింపు’. ఎప్పుడో ఒక పెద్దాయనకి నూరేళ్ళు నిండినప్పుడు దాన్ని చేర్చారు. తరవాత తీసేయడం మరిచిపోయారు. వెర్లిన్ గారు సభ్యుడైన మొదటి రోజునే ఎజెండా చదివి, ఆ నాలుగో అంశం మీద వేలు పెట్టి, “ఇది ఖాళీగా ఉందేం?” అన్నారట. ఆ రోజు నుంచి అది ఖాళీగా ఉన్న పాపాన పోలేదు.

ఈ పిచ్చికి మొదట బలయ్యేది సిటీ క్లర్కు జోలీన్ హౌక్. ప్రశంసాపత్రాలు రాసి, అచ్చు తీసి, బంగారు రంగు ముద్ర అంటించాల్సింది ఆవిడే.

“ఈసారి ఎవరండీ?” అనేది, ఆయన టోపీ చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గరికి రాగానే.

“డ్వేన్ ఓల్సన్.”

“ఏం చేశాడు?”

“పక్కింటాయన దగ్గర తీసుకున్న నిచ్చెన తిరిగిచ్చాడు.”

“అదీ ఒక గొప్పేనా? నేనూ నిన్న పక్కింటివాళ్ళ గిన్నె తిరిగిచ్చాను.”

“పదకొండేళ్ళ తరవాత ఇచ్చాడమ్మాయ్! పదకొండేళ్ళ తరవాత తిరిగివ్వడానికి ఎంత గుండె ధైర్యం కావాలి?”

జోలీన్ నిట్టూర్చి టైపు చేసేది. ‘ఎందుకనగా, డ్వేన్ ఓల్సన్ గారు తాము పుచ్చుకున్న నిచ్చెనను స్వచ్ఛందముగా తిరిగి ఇచ్చియున్నారు, మరియు, ఎందుకనగా, సదరు నిచ్చెన మెట్లన్నియు సక్రమముగానే ఉన్నవి...’ సోమవారం సాయంత్రం మేయరు గేలెన్ ప్రూట్ దాన్ని సమావేశంలో గట్టిగా చదవాలి. చదివేవారు. చదువుతున్నంతసేపూ ఆయన చెవులు ఎర్రబడేవి.

పందొమ్మిదేళ్ళుగా రోజూ స్కూలు బస్సుకి చెయ్యి ఊపుతున్నావిడకి ఒక పత్రం. పోస్టుమేన్‌ని ఒక్కసారి కూడా కరవని కుక్కకి ఒక పత్రం. ఆ కుక్కని యజమాని స్నానం చేయించి, మెడకి టై కట్టి తీసుకొచ్చాడు. నగర సంప్రదాయం ప్రకారం మేయరు పత్రం అందుకున్నవారితో కరచాలనం చేయాలి. చేశారు. మర్నాడు వారపత్రికలో ఆ ఫోటో పడింది. కుక్క మొహంలో గాంభీర్యం ఉంది, మేయరు మొహంలో లేదు.

“వెర్లిన్, ఇది నగరపాలన. పుట్టినరోజు పార్టీ కాదు,” అన్నారు మేయరు సమావేశం అయ్యాక.

“అవును గేలెన్. పార్టీ అయితే కేకు ఉండేది,” అన్నారు వెర్లిన్ గారు. మరుసటి సమావేశం నుంచి హాలు వెనకాల బల్ల మీద కాఫీ, రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన కేకు ముక్కలు కూడా వచ్చి చేరాయి. పత్రం అందుకున్నవాళ్ళూ, చూడ్డానికి వచ్చినవాళ్ళూ ఆ బల్ల చుట్టూ మూగి గంటసేపు కదిలేవాళ్ళు కాదు. మేయరు మాత్రం ఫైలు చంకలో పెట్టుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయేవారు.

మే నెల మొదటి సోమవారం నాడు మాత్రం వెర్లిన్ గారి చరిత్రలో జరగనిది జరిగింది. పత్రం అందుకోవలసిన మనిషి రాలేదు.

ఆవిడ పేరు ఆర్లిస్ బెహ్రెన్స్. డెబ్భై దాటిన మనిషి. కిరాణా షాపు ముందు జనం ఎక్కడ పడితే అక్కడ వదిలేసిన, సరుకులు వేసుకునే తోపుడు బండ్లని తెచ్చి వరసలో పెడుతున్నందుకు ఆవిడకి పత్రం. మేయరు పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. “లేరు. తరవాతి అంశం,” అన్నారు సంతోషంగా.

మర్నాడు మధ్యాహ్నం వెర్లిన్ గారు కౌంటరు దగ్గర ప్రత్యక్షమయ్యారు. “అమ్మాయ్, నా బండి మరమ్మతులో ఉంది. నన్ను ఆర్లిస్ ఇంటిదాకా దింపుతావా? ఆ పత్రం కూడా పట్టుకురా.”

“పోస్టులో పంపిస్తే పోదుటండీ?”

“పోస్టులో వచ్చేది ప్రశంస ఎందుకవుతుంది? కరెంటు బిల్లవుతుంది.”

జోలీన్ తన శాండ్‌విచ్ కారులోనే తింటూ ఆయన్ని తీసుకెళ్ళింది. ఆర్లిస్ తలుపు తీసింది. వీళ్ళని చూసి కంగారుపడింది. తలుపు పక్కన కొక్కేనికి ఇస్త్రీ చేసిన నీలం కోటు వేలాడుతోంది. దాని కాలరుకి పిన్ను ఇంకా పెట్టే ఉంది.

“నిన్న ఒంట్లో బాగాలేదా?” అన్నారు వెర్లిన్ గారు.

“బాగానే ఉంది. వచ్చాను,” అంది ఆర్లిస్.

“ఎక్కడికి?”

“మీ హాలు బయటికి. కారులో కూచున్నాను. దిగలేకపోయాను.” ఆవిడ నవ్వబోయింది, కుదరలేదు. “ఎక్కడికెళ్ళినా మా ఆయన రేతోనే వెళ్ళేదాన్ని. ఫిబ్రవరిలో ఆయన పోయాక, తలుపు తోసుకుని ఒక్కదాన్నీ లోపలికి వెళ్ళడం ఎలాగో తెలీడం లేదు. నవ్వకండి.”

వెర్లిన్ గారు నవ్వలేదు. “మీ కేసు వాయిదా పడిందంతే. మూడో సోమవారం పెడతాం. నేనూ బయటే నిలబడతాను. ఆ తలుపు బిగుసుకుపోయింది, ఇద్దరు తోస్తేగాని తెరుచుకోదు,” అన్నారు.

ఆ తలుపు జోలీన్‌కి బాగా తెలుసు. చిటికెన వేలితో నెట్టినా తెరుచుకుంటుంది. కారు ఎక్కాక ఆవిడ తాళం తిప్పలేదు.

“వెర్లిన్ గారూ, ఒకటి అడుగుతాను. ఈ మనుషుల్ని మీరు ఎలా ఎంచుతారు?”

“మంచి పనులు చేసినవాళ్ళని.”

“నిచ్చెన మంచి పనా? నిజం చెప్పండి.”

ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని కాసేపు దాన్నే తిప్పారు. “ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళో నీళ్ళ మీటర్లు చదివానమ్మాయ్. ఇద్దరున్న ఇంట్లో ఒకరు పోతే వాడకం సగానికి తగ్గాలి కదా? తగ్గదు. సగం కంటే కిందకి పడిపోతుంది. మిగిలినవాళ్ళు వంట మానేస్తారు, బట్టలు ఉతుక్కోరు, మొక్కలకి నీళ్ళు పొయ్యరు. నేను తలుపు తట్టి, ఎలా ఉన్నారు అంటే, బాగున్నాం అని తలుపేసుకునేవాళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అందరూ బాగున్నామనే చెప్పారు.”

“అయితే?”

“అయితే ఏముంది? రిటైరయ్యాక కౌన్సిల్‌లోకి వచ్చాను. ఇప్పుడు మీటర్లు వాటంతట అవే లెక్క పంపించుకుంటున్నాయి. గుమ్మందాకా వెళ్ళేవాడే లేడు. అందుకని నేనే సాయంత్రాలు వీధులన్నీ తిరుగుతుంటాను. ఎవరి గుమ్మం చూసినా తెలిసిపోతుంది. ఎలా ఉన్నారని అడిగితే తలుపేసుకునే మనిషి, నగరం మిమ్మల్ని పిలుస్తోంది అంటే మాత్రం పరిగెత్తుకెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. ఇస్త్రీ చేసుకున్న చొక్కాతో ఎవడూ ఇంట్లో కూచోడు.”

జోలీన్ శాండ్‌విచ్ సగంలో ఆగిపోయింది. నిచ్చెన డ్వేన్ భార్య ఆ వసంతంలోనే విడిచివెళ్ళిపోయింది. కుక్కాయన, తమ్ముడు పోయాక ఏడాదిపాటు చర్చికి రాలేదు. బస్సుకి చెయ్యి ఊపే ఆవిడ ఇప్పుడు లైబ్రరీలో శనివారాలు పిల్లలకి కథలు చదువుతోంది.

“నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ? మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో తెలుసా?”

“కొంచెం వినపడింది. కౌంటరు అద్దం పల్చన,” అన్నారాయన. “ఎవరికీ చెప్పకు. జాలిపడి పిలిచారని తెలిస్తే ఇక ఒక్కడూ రాడు. వచ్చినవాళ్ళు పత్రాలు గోడల మీంచి తీసేస్తారు.”

మూడో సోమవారం ఆర్లిస్ వచ్చింది. బయట ఇద్దరూ కలిసి తలుపుని బలంగా తోశారు. అది తేలిగ్గా ఊడిపడినంత పని చేసింది. ఇద్దరూ దాదాపు పరిగెత్తుతూ హాల్లో వచ్చిపడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. ఆర్లిస్ రెండు మాటలు చెబుతానని మైకు పట్టుకుని, తోపుడు బండ్ల గురించి, వాటి చక్రాల గురించి, రే ఒకసారి వాటిని నూనె పెట్టి బాగుచేసిన వైనం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడింది. వెర్లిన్ గారు అడ్డుకోలేదు. ఎవరినీ అడ్డుకోనివ్వలేదు.

అదే రోజు మురుగు పైపుల పథకం వివరించడానికి రాజధాని నుంచి ఒక ఇంజనీరు వచ్చి కూచున్నాడు. వేరే ఊళ్ళో ఇంకో సమావేశం ఉందని, పటాలు చుట్టుకుని, తన వంతు రాకుండానే వెళ్ళిపోయాడు.

మేయరు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. జూన్‌లో ఒక నియమం తెచ్చారు. ఇకమీదట నెలకి ఒక్కటే పత్రం. ఇద్దరు పౌరుల సంతకాలు కావాలి. మూడు నిమిషాలకి మించి ప్రసంగం కూడదు.

“దేనికోసమయ్యా ఇదంతా? ఎవరికి ఉపయోగం? ఒక్క కారణం చెప్పు,” అన్నారు మేయరు.

వెర్లిన్ గారు జనం వైపు చూశారు. హాల్లో ముందు వరసలో డ్వేన్, కుక్కాయన, ఆర్లిస్ కూచుని ఉన్నారు. మినిట్సు రాసుకుంటున్న జోలీన్ చేతిలో పెన్ను ఆగిపోయింది. అసలు కారణం ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. వెర్లిన్ గారు ఆవిడ వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

“కేకు బాగుంటుంది కదా,” అన్నారు చివరికి.

ముగ్గురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. నియమం గెలిచింది.

జూలైకి వెర్లిన్ గారు కాగితం పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చారు. అప్పటికే దాని మీద ఆర్లిస్ సంతకం ఉంది. “రెండోది నువ్వు పెట్టాలమ్మాయ్.”

జోలీన్ పేరు చదివింది. మళ్ళీ చదివింది. “ఈయనకా? మీ నోరు కట్టేసినాయనకి! ఉన్న ఒక్కటీ ఈయనకిచ్చేస్తారా?”

“ఆయన భార్య కోనీ పోయి తొమ్మిది నెలలైంది. మనమందరం పూలు పంపించాం, మనమందరం మరిచిపోయాం. వాళ్ళ గుమ్మానికున్న దోమల జాలీ తలుపు అక్టోబరు నుంచీ ఒక్క మేకు మీద వేలాడుతోంది. ఊళ్ళో ఎవరి జాలీ తలుపు ఊడినా నోటీసు పంపించే మనిషి కదా! ఆయన మధ్యాహ్నం ఏం తింటాడో చూశావా?”

చూసింది. తొమ్మిది నెలలుగా రోజూ చూస్తూనే ఉంది. డబ్బా సూపు, చెంచా, బల్ల మీద ఫైలు. ఆదివారాలు కూడా ఆఫీసుకి వస్తుంటే పనంటే ప్రాణం కాబోలనుకుంది. జోలీన్ సంతకం పెట్టింది. టైపు చేసేటప్పుడు మొదటిసారి తనంతట తాను ఒక ‘ఎందుకనగా’ కలిపింది.

సోమవారం సమావేశంలో మేయరు కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం ముందు చూసుకోకుండా, ఎరువుల బస్తా మీది సూచనలు చదివినట్టు చదివారు.

“ఎందుకనగా, పదకొండేళ్ళుగా ఈ సమావేశమును సరిగ్గా ఆరు గంటలకు ప్రారంభించుచున్నందుకు; మరియు, ఎందుకనగా, ఊళ్ళోని రోడ్ల మీది ప్రతి గుంతయు తమకు ముఖపరిచయమైనందుకు; మరియు, ఎందుకనగా, ఇష్టము లేకపోయినను ఒక కుక్కతో మర్యాదగా కరచాలనము చేసినందుకు, హోల్ట్ గ్రోవ్ నగరము గేలెన్...”

ఆగిపోయారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“ఇది చెల్లదు,” అన్నారు.

“ఎందుకు చెల్లదు? నెలకొకటి. రెండు సంతకాలు. నీ నియమమేగా,” అన్నారు వెర్లిన్ గారు.

“పత్రం మేయరు చేతుల మీదుగా ఇవ్వాలి. నాకు నేనే ఎలా ఇచ్చుకోను?”

హాలు గొల్లుమంది. ఆర్లిస్ లేచి, నీలం కోటు సర్దుకుంటూ వేదిక దగ్గరికి నడిచింది. “ఇలా ఇవ్వు గేలెన్, నేనిస్తాను. ఇప్పుడు నువ్వు కిందకి దిగు. చెయ్యి చాపు. అలా కాదు, నవ్వుతూ.”

ఆయన దిగారు. చెయ్యి చాపారు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. రెండు మాటలు చెప్పమన్నారు. మైకు పట్టుకుని, “కోనీ ఉంటే...” అని, మెడ దగ్గర టై తడుముకుని, “ఉంటే, ఈపాటికి నా టై సరిచేసేది,” అన్నారు. డ్వేన్ లేచివెళ్ళి ఆయన టై సరిచేశాడు. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం మేయరు పక్క తలుపు వైపు వెళ్ళలేదు. కాగితపు పళ్ళెంలో రెండో కేకు ముక్కతో బల్ల దగ్గర నిలబడ్డారు.

“గురువారాలు మా పేకాటకి నాలుగో చెయ్యి తక్కువైంది. కోనీ కుర్చీ అది. నువ్వు రాకూడదూ?” అంది ఆర్లిస్.

“నాకు ఆట రాదు. పక్కన కూచుని చూసేవాణ్ణి.”

“మంచిది. నేను గెలిచి చాలాకాలమైంది.”

మేయరు నవ్వారు. నవ్వుతూనే వెర్లిన్ గారి వైపు తిరిగి గొంతు తగ్గించారు. “వెర్లిన్, ఎల్మ్ వీధి చివర ఆ వడ్రంగి లేడూ, హార్లన్. ఈ మధ్య బయట కనిపించడం లేదు. ఆయనకి దేనికోసమైనా ఒకటి ఇవ్వచ్చునంటావా?”

“ఇవ్వచ్చు. కానీ నెలకి ఒకటే కదా. ఈ నెలది నువ్వు పట్టుకుపోయావు.”

మేయరు పళ్ళెం కింద పెట్టి, గది అవతలి వైపు కుర్చీలు మడుస్తున్న సిటీ క్లర్కుని కేకేశారు.

“జోలీన్! వచ్చే ఎజెండాలో ఒక అంశం రాసుకో. ఆ దిక్కుమాలిన నియమం ఎవరు పెట్టారోగానీ, రద్దు చేయాలి.”