జాబితాలో లేని మోకాళ్ళు

నిన్న పొద్దున కాఫీ తాగుతుండగా మా మేనకోడలి దగ్గర్నుంచి ఫోనులోకి మూడు పేజీల కాగితం వచ్చి పడింది. ఆఫీసు పని మీద గల్ఫ్ వెళ్తోందట. ముస్లిం దేశానికి వెళ్ళే ఆడవాళ్ళు ఏం వేసుకోవాలో, ఏం వేసుకోకూడదో వాళ్ళ కంపెనీ వాళ్ళు వరసపెట్టి రాశారు. "అత్తా, నువ్వు వెళ్ళొచ్చావుగా, ఇదంతా నిజమేనా?" అని కింద ఒక ప్రశ్న. చదువుతుంటే కాఫీ చల్లారింది, నేను వేడెక్కాను.

నేను వెళ్ళింది, కంప్యూటరు ముందు కూర్చోవడం వస్తే చాలు, విమానం ఎక్కించి సింగపూర్ పంపేస్తున్న రోజుల్లో. అక్కడ యూ టీ అనే పేటలో పదకొండో అంతస్తులో మా ఫ్లాటు, ఆంగ్ మో కియో అనే ఇంకో పేటలో ఆఫీసు. ఏ ఓడ ఏ వేళకి రేవులో ఎక్కడ ఆగాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి రెండేళ్ళు కూర్చుని రాశాను. గల్ఫ్‌లో ఒక ఓడరేవు వాళ్ళు దాన్ని తీసుకున్నారు. వెళ్ళి, పెట్టి, నడిపించి చూపించి రావాలి. రాసింది నేను కనక చూపించేదీ నేనే అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను.

మా మేనేజరు తెలుగాయనే. నన్ను గదిలోకి పిలిచి, "చూడమ్మా, అది అసలే ముస్లిం దేశం. రేపేదైనా అయితే మీ ఆయనకి నేనేం సమాధానం చెప్పను?" అన్నారు. మా ఆయన జన్మలో ఎవర్నీ సమాధానం అడిగిన మనిషి కాదు, ఉప్పు డబ్బా ఎక్కడుందో నన్నడగడం తప్ప. అయినా సరే, మేనేజరుగారు పద్నాలుగు అంశాలతో ఒక పేజీ జాబితా రాసి నా చేతిలో పెట్టారు. ఆ దేశం గురించి ఆయనకున్న అనుభవమల్లా, ఒకసారి విమానం మారడానికి అక్కడి ఎయిర్‌పోర్టులో మూడు గంటలు కూర్చోవడం. అందులో రెండు గంటలు నిద్రపోయారని వాళ్ళావిడే నాకు చెప్పింది. ఎర్ర రంగు వద్దు, సెంటు వద్దు, గాజులు చప్పుడు కాకూడదు, గట్టిగా నవ్వకూడదు. నవ్వకూడదన్న చోట నవ్వాను గానీ, పద్నాలుగోది చదివాక ఆ నవ్వు ఆగిపోయింది. ప్రోగ్రాం చూపించడం, మాట్లాడడం ఆఫీసులో నా పక్క సీటాయన చేస్తాడట. నేను వెనక కూర్చుని చీటీలందించాలట. నా ప్రోగ్రాంలో అతనికి తెలిసింది దాని పేరొక్కటే. "మీకే ఇబ్బందీ లేకుండానండీ," అన్నాడతను, ఏదో త్యాగం చేస్తున్నవాడిలా.

జాబితా ప్రకారం మేనేజరుగారే టెక్కా బజారులో ఒక దర్జీకి పురమాయించి నల్లటి గౌను కుట్టించారు. దానికి వారం పట్టింది. అందులో నేను, మా ఆయన, మా డైనింగ్ టేబులు పట్టేవాళ్ళం. ఉతికి కిటికీ బయట గడకి ఆరేస్తే కింద పదో అంతస్తు వాళ్ళకి ఆ రోజు తెల్లారలేదు. నమ్మితే నమ్మండి. ఎదురు ఫ్లాటులో మలయ్ పెద్దావిడ ఉండేది. అందరం మక్‌చిక్ అనేవాళ్ళం, పిన్నిగారనే అర్థంలో. రోజుకి ఐదుసార్లు నమాజు చేసుకునే మనిషి, నా గుమ్మానికి పదడుగుల దూరంలో. ఆవిణ్ణి ఒక మాట అడగాలని మేనేజరుకి సరే, నాకైనా తట్టలేదు చూశారా! గౌను చూసి ఆవిడే వచ్చింది.

"ఏయ్, దిస్ వన్ కర్టెన్ ఆ?"

సంగతి చెప్పాను. నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఐ ఆల్సో ముస్లిం, వాట్! వై నెవర్ ఆస్క్ మీ?"

తర్వాత రెండే నిమిషాల్లో తేల్చేసింది. వదులుగా ఉండాలి, మణికట్టు దాకా చేతులు, చీలమండల దాకా పొడుగు, మసీదుకి వెళ్తే తల మీదకి సంచిలో ఒక చున్నీ. నీ సల్వారే చాలు, ఫినిష్. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మెన్ ఆల్సో మస్ట్ కవర్ నీ, లా. యూ టెల్ దెమ్," అంది, తన మోకాలు తట్టి చూపిస్తూ. మర్నాడు ఆఫీసులో ఆ మోకాళ్ళ మాట చెప్పాను. మేనేజరుగారు పకపకా నవ్వి, "మగాళ్ళకేముందమ్మా!" అన్నారు. ఆయన నవ్వొచ్చు, జాబితా ఆయనకి వర్తించదు.

గౌను పెట్టెలో కుక్కి, నా నూలు సల్వారులోనే విమానం ఎక్కాను. పక్క సీటాయన హాయిగా నిక్కరుతో ఎక్కాడు. అక్కడ దిగాక నా పెట్టె వచ్చింది, అతనిది రాలేదు. మీటింగుకి అరగంటే టైముంది. టాక్సీలో తిన్నగా ఓడరేవు ఆఫీసుకి వెళ్ళాం. గేటు దగ్గర కాపలా ఆయన నాకు దారిచ్చి, చాలా మర్యాదగా అతని మోకాళ్ళు చూపించి, కుదరదన్నాడు.

"ఏదైనా చెయ్యండి మేడం," అన్నాడు పక్క సీటాయన, చెమటలు కక్కుతూ.

పెట్టె తెరిచి గౌను తీశాను. "వేసుకోండి. జాబితా ప్రకారం కుట్టిందే. మీకే ఇబ్బందీ లేకుండా."

వేసుకోలేదు. కాపలా గదిలో కూర్చున్నాడు. నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను. అక్కడ కంప్యూటర్ విభాగానికి పెద్ద, తలకి గుడ్డ చుట్టుకున్న ఒక నడివయసావిడ. కూర్చోమని, నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగింది: "పోయిన వారమే రావాలి కదా? మీ బట్టలు కుట్టడం పూర్తి కాలేదని మీ ఆఫీసు వాళ్ళు రాశారు. మా ఓడలు మీ దర్జీ కోసం ఆగుతాయా?"

ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళ పని చేతిలో పెట్టుకుని, గౌను కోసం రేవుని ఆపిన మనిషినయ్యాను! ప్రోగ్రాం తెరిచాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. కాసేపు చూసి, "ఇది రాసిందెవరు?" అంది. "నేనే," అన్నాను. ఆ తర్వాత నాలుగు గంటలు ఇద్దరం ఓడల గురించి తప్ప మరో మాట మాట్లాడలేదు. నేనేం వేసుకొచ్చానో ఆవిడ తిరిగి చూడనైనా లేదు.

సింగపూర్ తిరిగొచ్చాక, పదిహేనో అంశంగా మగవాళ్ళ మోకాళ్ళు చేర్చమని మేనేజరుగారిని అడిగాను. "చూద్దాంలేమ్మా," అన్నారు.

నిన్న మగవాళ్ళ మోకాళ్ళ కోసం ఆ మూడు పేజీలూ రెండుసార్లు వెతికాను. మేనకోడలికి మక్‌చిక్ చెప్పిన నాలుగు ముక్కలు రాసి పంపాను, ప్రోగ్రాం ఎవరు చూపిస్తున్నారో ముందు కనుక్కోమన్నాను. ఇన్నేళ్ళలో ఒక పేజీ మూడు పేజీలైంది గానీ, ఆ చూద్దాంలేమ్మా మాత్రం ఇంకా చూడ్డంలోనే ఉంది.